జీతమూ, జీవితమూ: బ్రిటన్, అమెరికా వైద్యుల స్థితిగతులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కుమారుడో, కుమార్తెయో వైద్యవిద్య చివరి సంవత్సరంలో అడుగుపెట్టిన ప్రతి ఇంటా ఒక ప్రశ్న వినిపిస్తుంది. ఇంగ్లండా, అమెరికానా? సమాధానం వెదికే పద్ధతి కూడా దాదాపు అన్ని ఇళ్లలోను ఒకటే. అక్కడి జీతం ఇన్ని పౌన్లు, ఇక్కడి జీతం ఇన్ని డాలర్లు. వాటిని రూపాయలతో హెచ్చవేయడం, ఏ లబ్ధం పెద్దదైతే ఆ దేశం వైపు మొగ్గడం. ఆ లబ్ధాన్ని మరికాస్త పెంచి చెప్పే బంధువులకు ఏ ఇంటా కొదవ ఉండదు. ఆ లెక్క అబద్ధమని చెప్పలేము గాని, అది సగం లెక్క మాత్రమే. ఆ జీతం ఏ వయస్సులో చేతికి వస్తుంది, ఎన్ని గంటల పనికి వస్తుంది, అందులో నుండి వైద్యుడు తానే కొనుక్కోవలసినవి ఏవి, ఆ ధనం చివరకు ఎవరి జేబులో నుండి వస్తున్నది అన్న ప్రశ్నలు రెండవ సగం. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టి పిల్లలను పరీక్షలకు, ప్రయాణాలకు పంపే కుటుంబాలకు ఆ రెండవ సగం తెలియకపోతే నష్టం చిన్నది కాదు.

ముందుగా అంకెలు. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యుల జీతాలు బహిరంగమైన వేతనశ్రేణులు. 2025-26 సంవత్సరపు శ్రేణి ప్రకారం పట్టా పుచ్చుకొని ఆసుపత్రిలో చేరిన మొదటి ఏడాది వైద్యునికి మూలవేతనం 38,831 పౌన్లు, రెండవ ఏట 44,439. రాత్రివిధులకు, వారాంతపు విధులకు, అదనపు గంటలకు చెల్లింపు వేరు. శిక్షణలో ఉన్న వైద్యుని శ్రేణి 73,992 పౌన్ల వద్ద ఆగుతుంది. శిక్షణ ముగించి కన్సల్టెంటు అయినవారికి 1,09,725 పౌన్లతో మొదలై, ఏళ్లు గడిచిన కొద్దీ 1,45,478 వరకు చేరుతుంది. జీతానికి కుదిరిన జనరల్ ప్రాక్టీషనరుకు 76,038 నుండి 1,14,743 వరకు. వైద్యశాలలో భాగస్వామి అయితే దాని ఆదాయవ్యయాలను బట్టి ఉంటుంది. స్కాట్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండుల శ్రేణులు వేరు.

అమెరికాలో ఇటువంటి ఏకైక శ్రేణి లేదు. రెసిడెన్సీ అనే శిక్షణ మొదటి ఏట సుమారు 65 వేల డాలర్లు లభిస్తాయి. శిక్షణ ముగియగానే జీతం ఒక్కసారిగా ఎగసిపోతుంది. కుటుంబ వైద్యునికి, పిల్లల వైద్యునికి రెండున్నర లక్షల డాలర్ల పరిసరాలలో, హృద్రోగ నిపుణునికి, ఎముకల శస్త్రవైద్యునికి ఐదు లక్షలు, ఆ పైన. అమెరికా కార్మిక గణాంక శాఖ 2023లో వైద్యుల మధ్యస్థ వార్షిక వేతనం 2,39,200 డాలర్లు లేదా అంతకు మించి ఉన్నదని తేల్చింది. పౌనుకు సుమారు ఒకటీ మూడు పదుల వంతు డాలర్లని లెక్కిస్తే, కొత్తగా కన్సల్టెంటు అయిన ఇంగ్లండు వైద్యుని మూలవేతనం 1,43,000 డాలర్లకు దగ్గర. అమెరికాలోని కుటుంబ వైద్యుని ఆదాయం దానికి ఒకటిన్నర రెట్లకు పైన, నిపుణునిది మూడు రెట్లకు పైన. ఇంతవరకు బంధువులు చెప్పిన మాట నిజమే.

అయితే శిక్షణకాలంలో తక్కెడ ఇటువైపు కాక అటువైపు మొగ్గుతుందన్న సంగతి ఎక్కువమందికి తెలియదు. ఇంగ్లండు మూలవేతనం వారానికి 40 గంటల పనికి. అంటే మొదటి ఏటి వైద్యునికి గంటకు 18 పౌన్ల 67 పెన్నీలు, సుమారు 24 డాలర్లు. అమెరికాలో రెసిడెంటు పనికి గరిష్ఠ పరిమితి నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు. పూర్తిగా 80 గంటలు పనిచేసే శాఖలో 65 వేల డాలర్లను పంచితే గంటకు 16 డాలర్లు కూడా గిట్టవు. అన్ని శాఖలలో అంత పని ఉండదనుకొని 60 గంటలకే లెక్కించినా 21 డాలర్లు దాటదు. ఆ 80 గంటల పరిమితి అయినా దేశమంతటికీ 2003లోనే వచ్చింది. అంతకుముందు 1984లో న్యూయార్కులోని ఒక ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్ల యువతి మరణించింది. ఆమెను చూసిన శిక్షణ వైద్యులు విరామం లేని దీర్ఘవిధులలో ఉన్నారన్న విషయం దేశమంతటా చర్చకు రాగా, 1989లో ఆ రాష్ట్రం మాత్రం గంటలకు హద్దు పెట్టింది. నేటికీ రెసిడెంటును 24 గంటలు ఏకధాటిగా విధిలో ఉంచి, రోగులను తరువాతివారికి అప్పగించడానికి మరో 4 గంటలు ఆపవచ్చు. ఇంగ్లండులో ఒక విధి 13 గంటలకు మించరాదు, వారపు సగటు 48 గంటలు. ఆ దేశంలో శిక్షణ వైద్యునికి వేరే కష్టం ఉంది. మొదటి ఏట నాలుగు నెలలకొక విభాగం, తరువాత ఆరు నెలలకో ఏడాదికో మరో ఊరు. భార్య ఒక పట్టణంలో, భర్త మరొక పట్టణంలో విధులు నిర్వర్తిస్తూ ఆదివారాలు రైళ్లలో గడిపే వైద్యదంపతులు అక్కడ తక్కువమంది కారు.

వయస్సు సంగతి కూడా చూడవలె. అమెరికా విద్యార్థి పాఠశాల అనంతరం నాలుగేళ్లు డిగ్రీ చదివి, ఆ తరువాత నాలుగేళ్లు వైద్యం చదువుతాడు. ఇరవయ్యారేళ్లకు పట్టా, దానితోపాటు అప్పు. అప్పు చేసిన వైద్య పట్టభద్రుల మధ్యస్థ ఋణం సుమారు రెండు లక్షల డాలర్లు. ఆ పైన కుటుంబ వైద్యమైతే మూడేళ్లు, మెదడు శస్త్రవైద్యమైతే ఏడేళ్లు రెసిడెన్సీ. పెద్ద జీతంలో తొలి పదేళ్ల భాగం ఆ ఋణవిముక్తికే పోతుంది. ఇంగ్లండు విద్యార్థి పద్దెనిమిదేళ్లకే వైద్యకళాశాలలో చేరి, సాధారణంగా ఐదేళ్లలో బయటపడతాడు. అతనికీ అప్పు ఉంటుంది. కాని నిర్ణీత పరిమితి దాటిన ఆదాయంలో నూటికి 9 వంతున జీతంలో నుండే వసూలవుతుంది, ఆదాయం లేనినాడు వసూలూ లేదు. భారతదేశంలో ప్రభుత్వ కళాశాలలో చదివిన వైద్యుడు ఈ రెండు నిచ్చెనలలో దేనినెక్కినా ఆ దేశపు అప్పు భుజాన లేకుండానే ఎక్కుతాడు. అతని లాభం అక్కడున్నది. కాపిటేషన్ రుసుములు చెల్లించి చదివిన బిడ్డకు ఆ లాభం మొదటనే హరించుకుపోతుంది. ఈ మాట పెళ్లిచూపులలో ఎవరూ చెప్పరు.

ఈ తేడాలన్నిటికీ మూలం రెండు దేశాలు దాదాపు ఒకే కాలంలో తీసుకున్న భిన్న నిర్ణయాలలో ఉంది. అనూరిన్ బెవన్ దక్షిణ వేల్సులోని ట్రెడీగర్ అనే బొగ్గుగనుల ఊరివాడు, గని కార్మికుని కొడుకు. ఆ ఊరి కార్మికులు తమ కూలిలో కొంత భాగం జమచేసి సొంతంగా వైద్యసహాయ సంఘం నడుపుకునేవారు. అదే పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేయాలని అట్లీ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రిగా బెవన్ పట్టుబట్టాడు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. పన్నుల సొమ్ముతో అందరికీ వైద్యం, రోగి మంచం దగ్గర రొక్కం ప్రసక్తి లేదు. ఆశ్చర్యమేమిటంటే దీనిని అందరికన్నా గట్టిగా ప్రతిఘటించినవారు వైద్యులే. ఆ ఏడాది ఆరంభంలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ అభిప్రాయసేకరణ జరిపితే అత్యధిక సంఖ్యాకులు వద్దన్నారు. తాము ప్రభుత్వ గుమాస్తాలం కాబోమన్నారు. బెవన్ రాజీ కుదిర్చాడు. పెద్దాసుపత్రుల కన్సల్టెంట్లు ప్రభుత్వ జీతం పుచ్చుకుంటూనే సొంత ప్రాక్టీసు చేసుకోవచ్చు. కుటుంబ వైద్యులు ఉద్యోగులు కాకుండా, తమ జాబితాలోని రోగుల సంఖ్యను బట్టి డబ్బు పొందే కాంట్రాక్టుదారులుగా ఉండవచ్చు. ఆ రాజీ చిహ్నాలు నేటికీ ఉన్నాయి. జీతాన్ని మాత్రం అంగడి కాక ప్రభుత్వం నిర్ణయిస్తుంది. దేశంలో దాదాపు ఒకే పెద్ద యజమాని ఉన్నప్పుడు జీతాలు ఆ యజమాని ఖజానాను దాటి పోలేవు.

అమెరికాలోనూ అధ్యక్షుడు ట్రూమన్ 1945 నవంబరులోనే జాతీయ ఆరోగ్య బీమాను ప్రతిపాదించాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ సభ్యుల నుండి తలకు 25 డాలర్లు వసూలుచేసి, ప్రచార నిపుణులను కుదుర్చుకొని, ఆ ప్రతిపాదనను ఓడించింది. అక్కడి వైద్యులు గెలిచిన యుద్ధంలో ఇక్కడి వైద్యులు ఓడిపోయారన్నమాట. ఎవరి గెలుపు ఎవరికి మేలైనదో ఇంతవరకు తేలలేదు. తరువాత 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. ప్రభుత్వ ధనం వైద్యంలోకి ప్రవహించింది కాని, చేసిన ప్రతి పనికీ విడిగా ఫీజు అనే పద్ధతి నిలిచింది. ఎక్కువ పనులు చేసిన శాఖకు ఎక్కువ ఆదాయం. చర్మవైద్యుడు, ఎముకల వైద్యుడు, కుటుంబ వైద్యుడు, వీరి ఆదాయాల మధ్య అగాధానికి కారణం విద్యలోని తేడా కాదు, ఫీజుల పట్టికలోని తేడా. దానికి తోడు, శిక్షణ స్థానాలకు మెడికేర్ నుండి లభించే ధనానికి 1997 చట్టం పైకప్పు వేసింది. సరఫరా బిగిసింది, ధర పెరిగింది.

ఇక జీతంలో నుండి కొనుక్కోవలసినవి. ఇంగ్లండు ఆసుపత్రి వైద్యునికి మొదటి ఏట నుండే ఏడాదికి 27 రోజుల సెలవు, ఐదేళ్ల సర్వీసు తరువాత 32, పండుగ సెలవులు అదనం. ప్రసవించిన తల్లికి 52 వారాల సెలవు హక్కు. అందులో అర్హులైన ప్రభుత్వ వైద్యురాలికి 8 వారాలు పూర్తి జీతం, 18 వారాలు సగం జీతం, మరో 13 వారాలు చట్టబద్ధమైన భత్యం. చికిత్సలో పొరపాటు జరిగి దావా పడితే ఆసుపత్రి వైద్యుని బాధ్యతను 1990 నుండి ప్రభుత్వమే వహిస్తున్నది. ఇంగ్లండులోని కుటుంబ వైద్యులకు ఆ రక్షణ 2019లో వచ్చింది. జీవితాంతం అందే పింఛను ఉంది. కుటుంబమంతటికీ వైద్యం ఉంది. మందుచీటీకి ఇంగ్లండులో వస్తువుకు 9 పౌన్ల 90 పెన్నీలు, వేల్సులో 2007 నుండి అదీ లేదు.

అమెరికాలో జీతంతో కూడిన వార్షిక సెలవును గాని, ప్రసూతి సెలవును గాని ప్రయివేటు యజమానులు ఇచ్చి తీరవలెననే దేశవ్యాప్త చట్టం లేదు. 1993 చట్టం 12 వారాల సెలవు ఇస్తుంది, అది జీతం లేని సెలవు. యజమాని ఇచ్చేది యజమాని ఇష్టం. పెద్ద ఆసుపత్రులు మంచి సెలవులే ఇస్తాయి, కాని అది బేరం, హక్కు కాదు. ఉద్యోగం ద్వారా లభించే కుటుంబ ఆరోగ్య బీమా వార్షిక ప్రీమియం 2024లో సగటున 25 వేల డాలర్లు దాటింది. అందులో ఆరువేల పైచిలుకు ఉద్యోగి వాటా. సొంతంగా ప్రాక్టీసు పెట్టిన వైద్యునికి మొత్తం తన మీదనే పడుతుంది. దావాల బీమా కూడా అంతే. ప్రసూతి వైద్యులకు, మెదడు శస్త్రవైద్యులకు ఆ ప్రీమియమే ఒక ఉద్యోగి జీతమంత ఉండే రాష్ట్రాలున్నాయి.

ఇవన్నీ తీసివేసినా అమెరికా వైద్యుని చేతిలో ఎక్కువే మిగులుతుంది. ఇది దాచవలసిన విషయం కాదు. ఇంగ్లండులో 50,270 పౌన్లు దాటిన ఆదాయంపై నూటికి 40 వంతున, 1,25,140 దాటితే 45 వంతున పన్ను. లక్ష పౌన్లు దాటగానే పన్నులేని తొలి 12,570 పౌన్ల మినహాయింపు క్రమంగా కరిగిపోవడం వల్ల, ఆ మధ్యభాగంలో నూటికి 60 వంతులు పన్నుకే పోతుంది. కొత్త కన్సల్టెంట్లు సరిగ్గా ఆ ఇరుకులోనే చిక్కుకుంటారు. అదనపు విధి ఎందుకు చేయాలని వారు ప్రశ్నించడంలో అన్యాయమేమీ లేదు. అమెరికాలో ఫెడరల్ పన్ను గరిష్ఠంగా 37 వంతులు. టెక్సాస్, ఫ్లోరిడాలలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో పైశ్రేణికి 13 వంతులు కూడా దాటుతుంది.

ఊరిని బట్టి జీవనమూ మారుతుంది. లండన్‌లో పనిచేసే వైద్యునికి శ్రేణిపై అదనంగా లభించేది ఏడాదికి 2,162 పౌన్లు. లండన్ అద్దెల ముందు అది సముద్రంలో ఉప్పురాయి. కార్న్‌వాల్ తీరంలోని చిన్న పట్టణంలో పనిచేసినా మూలవేతనం అదే, అక్కడ అదే జీతం హాయిగా ఉంటుంది. అమెరికాలో ఇది తలక్రిందులు. న్యూయార్కు, బోస్టన్‌లలో వైద్యులకు పోటీ ఎక్కువ, జీతం తక్కువ. ఎవరూ పోవడానికి ఇష్టపడని మధ్య రాష్ట్రాల చిన్న ఊళ్లలో జీతం ఎక్కువ, ఇల్లు చవక. దగ్గరి దేవాలయానికి, తెలుగు మాట వినడానికి మాత్రం మూడు గంటలు కారు నడపవలసి వస్తుంది.

పగటిపూట పనిలో ఏముంటుందో చూస్తే రెండు దేశాల తేడా మరింత స్పష్టమవుతుంది. ఇంగ్లండులో కుటుంబ వైద్యుని గదిలో ఒక్కొక్క రోగికి సాధారణంగా పది నిమిషాలు. ఆ పది నిమిషాలలో మోకాలి నొప్పి, నిద్రలేమి, తలుపు దగ్గర లేచి నిలబడి అప్పుడు చెప్పే అసలు సంగతి, అన్నీ ఇమడవలె. పెద్ద నిపుణుని వద్దకు పంపవలెనా, వద్దా అని నిర్ణయించే కాపలాదారు ఆ వైద్యుడే. పంపినా రోగి నెలల తరబడి వేచి ఉండవలె. 2023లో ఇంగ్లండు ఆసుపత్రుల నిరీక్షణ జాబితాలో 77 లక్షల చికిత్సలు పేరుకున్నాయి. నడవాలలో స్ట్రెచర్లపై పడుకున్న వృద్ధులకు ప్రతిరోజూ క్షమాపణ చెప్పుకుంటూ విధి ముగించడం ఏ వైద్యునికైనా మనసు తినివేసే పని. కాని ఆ వైద్యుడు రోగి ముందు ధర అన్న మాట పలకనవసరం లేదు. రోగి తాహతు తెలుసుకొని మందు మార్చనవసరం లేదు.

అమెరికా వైద్యుని వద్ద యంత్రాలకు కొరత లేదు. కడుపునొప్పితో వచ్చిన రోగికి, బీమా ఉంటే, ఆ పూటే స్కానింగు జరుగుతుంది. కాని చేసిన ప్రతి పనికీ ఒక సంకేతసంఖ్య వేయవలె. ఆ సంఖ్య ప్రకారం బిల్లు, బీమా సంస్థ ముందస్తు అనుమతి, తిరస్కరిస్తే విన్నపం, మళ్లీ ఫోను. రోగిని చూసిన సమయంతో సమానంగా కంప్యూటరు ముందు గడిచిపోతుందని అక్కడి వైద్యుల సామాన్యమైన ఫిర్యాదు. 2010 చట్టం తరువాత బీమా లేనివారి సంఖ్య బాగా తగ్గింది, అయినా 2023లో సుమారు 2 కోట్ల 60 లక్షల మందికి బీమా లేదు. బీమా ఉన్నవారు కూడా మొదటి కొన్ని వేల డాలర్లు తామే భరించవలసిన పథకాలు సామాన్యం. ఇన్సులిన్‌ను పొదుపుగా వాడుకుంటున్న రోగి ఆ సంగతి సిగ్గుతో దాచితే, చక్కెర ఎందుకు తగ్గలేదో వైద్యునికి అంతుపట్టదు. రోగి జబ్బుతోపాటు అతని బీమా పత్రాన్ని కూడా చదవడం నేర్చుకున్న వైద్యుడే అక్కడ నేర్పరి.

అమెరికా 2023లో ఆరోగ్యంపై వెచ్చించినది 4.9 లక్షల కోట్ల డాలర్లు, జాతీయోత్పత్తిలో నూటికి 17.6 వంతులు. బ్రిటన్ వెచ్చించేది నూటికి సుమారు 11. అయినా ఆ ఏడాది అమెరికా సగటు ఆయుఃప్రమాణం 78.4 ఏళ్లు, బ్రిటన్‌ది 81కి దగ్గర. ఈ భారీ వ్యయమంతా వైద్యుల ఇనప్పెట్టెలలోకి పోతున్నదనుకోవడం మాత్రం అన్యాయం. మొత్తంలో వైద్యుల నికరాదాయం పదోవంతు లోపేనని అంచనా. మిగిలినది ఆసుపత్రులు, మందులు, యంత్రాలు, బీమా కాగితాల యంత్రాంగం.

ఈ రెండు వ్యవస్థలనూ భారతీయ వైద్యులు బయట నుండి చూసినవారు కారు, భుజాన మోసినవారు. 1960లలో బ్రిటన్ వెళ్లినవారిని లండన్ పెద్దాసుపత్రుల ఘనమైన ఉద్యోగాలు ఆహ్వానించలేదు. స్వదేశీ వైద్యులు కాదన్న వృద్ధాప్య వైద్యం, మానసిక వైద్యం, పారిశ్రామిక పట్టణాల కుటుంబ వైద్యం వారి వాటాకు వచ్చాయి. బెవన్ పుట్టిన బొగ్గు లోయలలోనే భారతీయ కుటుంబ వైద్యులు దశాబ్దాలపాటు గనికార్మికుల ఊపిరితిత్తుల చప్పుడు విన్నారు. 1975లో భారతీయ పట్టాలకు అంతవరకు ఉన్న గుర్తింపును బ్రిటిష్ జనరల్ మెడికల్ కౌన్సిల్ తొలగించింది, అప్పటి నుండి పరీక్ష తప్పనిసరి. అమెరికా ద్వారం 1965 వలసచట్టంతో తెరుచుకుంది. అంతకు నాలుగు దశాబ్దాల ముందే భీమవరంలో పుట్టి మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ పోర్టరు పని చేశాడు. ఆయన పరిశోధనల వల్ల లాభపడిన రోగుల సంఖ్యకు లెక్కలేదు. ఆయన అందుకున్న జీతం ఎంతో నేడు ఎవరూ అడగరు.

నేడు బ్రిటన్‌లోని వైద్యులలో ప్రతి ఐదుగురిలో ఇద్దరు, అమెరికాలో ప్రతి నలుగురిలో ఒకరు విదేశాలలో చదివినవారే. అయినా ద్వారాలు ఇరుకవుతున్నాయి. బ్రిటన్‌లో శిక్షణ వైద్యులు తమ జీతాల నిజవిలువ 2008 నుండి బాగా పడిపోయిందని 2023 మార్చి నుండి పలుమార్లు సమ్మెచేశారు. 2024లో ఒప్పందం కుదిరింది, 2025 జూలైలో మళ్లీ సమ్మె. జీతంతోపాటు వారి మరో ఫిర్యాదు శిక్షణ స్థానాల కొరత. 2025లో సుమారు పదివేల స్థానాలకు ముప్పైవేల పైచిలుకు వైద్యులు పోటీపడ్డారు. అదే ఏడాది జూలైలో ప్రకటించిన పదేళ్ల ప్రణాళికలో స్వదేశీ పట్టభద్రులకు ప్రాధాన్యం ఇస్తామని ప్రభుత్వం తేల్చిచెప్పింది. ప్లాబ్ పరీక్ష గట్టెక్కి, మాంచెస్టరులో నటుల ఎదుట రోగిపరీక్ష చేసి చూపి, ఆ తరువాత ఏడాదిపాటు ఉద్యోగం దొరకక బంధువుల ఇంట తలదాచుకునే యువవైద్యుల సంగతి ఫలితాల విందులో ప్రస్తావనకు రాదు.

ఈ పరీక్షల విషయంలో ఒక భయం తెలుగు మాధ్యమపు విద్యార్థుల తల్లిదండ్రులలో సహజం. బ్రిటన్ అడిగే ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షలో ఒక్కొక్క భాగంలో 7, మొత్తం మీద 7.5 రావలె. అది తేలికైనది కాదు. కాని నటుని ఎదుట జరిగే పరీక్షలో చూసేది ఉచ్చారణ ఆడంబరం కాదు, ఎదుటివాని మాట వినడం, చెడు కబురును నిదానంగా చెప్పడం. ఒక భాషలో నిండుగా మాట్లాడడం నేర్చినవానికి రెండవ భాషలో అది సాధ్యం, ఏ భాషలోనూ నిండుగా మాట్లాడలేనివానికే కష్టం.

అమెరికా వైపు సంగతి ఇంకొక తీరు. శిక్షణకు జె-1 వీసాపై వెళ్లినవారు ముగియగానే రెండేళ్లు స్వదేశానికి తిరిగిరావలె. అలా కాకుండా ఉండడానికి 1994లో వచ్చిన కాన్రాడ్ పథకం కింద వైద్యుల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయవచ్చు. రాష్ట్రానికి ఏటా ముప్పై మందికే ఆ అవకాశం. ఎన్నో మారుమూల పట్టణాలకు ఏకైక హృద్రోగ నిపుణుడు అలా వచ్చిన విదేశీయుడే. శాశ్వత నివాసపు కార్డులలో ఏ ఒక్క దేశానికీ నూటికి 7 వంతులకు మించి ఇవ్వరాదన్న నియమం వల్ల భారతీయుల వరుస దశాబ్దాలకు సాగింది. ఐదు లక్షల డాలర్లు సంపాదిస్తూ, వీసా కాగితం గడువు చూసుకుంటూ, ఉద్యోగం మార్చడానికి జంకే నిపుణులు అందువల్ల ఉన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటనతో చిన్న ఆసుపత్రులు మరింత వెనుకాడాయి.

జీతాల పట్టికలో ఎన్నడూ కనిపించని అంశం మరొకటున్నది. అది ఈ సభలో ముందు వరుసలలో కూర్చున్నవారికి సంబంధించినది. బ్రిటన్‌లో స్థిరపడిన వైద్యుడు తన తల్లిదండ్రులను శాశ్వతంగా తన వద్దకు తీసుకుపోవడం 2012 జూలై నియమాల తరువాత దాదాపు అసాధ్యమైంది. స్నానం, భోజనం వంటి నిత్యకృత్యాలకే దీర్ఘకాలపు ఆసరా అవసరమై, ఆ ఆసరా డబ్బు పెట్టినా స్వదేశంలో దొరకదని నిరూపించాలి. కొడుకు సంపన్నుడైన వైద్యుడైన కొద్దీ డబ్బు పంపి మనిషిని పెట్టవచ్చునన్న సమాధానమే ఎదురవుతుంది. చుట్టపుచూపుగా వెళితే సాధారణంగా ఆరు నెలలు. ఆ కాలంలో జబ్బు చేస్తే, కుమారుడు పనిచేసే ఆసుపత్రిలోనే తల్లికి చికిత్స జరిగినా, సందర్శకుల నుండి మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలుచేస్తారు. అమెరికాలో పౌరుడైనవాడు తల్లిదండ్రులను పిలిపించుకోవడానికి సంఖ్యాపరిమితి లేదు. కాని ఆ పౌరసత్వం రావడానికి ముందు చెప్పిన వరుస దాటవలె, ఆ తరువాత ఐదేళ్లు గడవవలె. వెళ్లిన తల్లిదండ్రులు ఐదేళ్లు శాశ్వత నివాసులుగా ఉంటే గాని, మెడికేర్‌లో డబ్బు కట్టి చేరడానికైనా అర్హులు కారు. ముప్పయ్యో ఏట వెళ్లిన కొడుకు అమెరికా పౌరుడయ్యేనాటికి తండ్రి వయస్సు ఎంత ఉంటుందో ప్రతి ఇంటివారు తమ లెక్క తాము వేసుకోగలరు. ఇంగ్లండా, అమెరికానా అని కాగితంపై రెండు గడులు గీసినప్పుడు, జీతం కింద ఒక వరుస ఆ లెక్కకు వదలవలె.